పాత జియోట్యాగ్ ట్వీట్లతో నగరంలో రాకపోకలు లెక్కించడం: ఒకే బిందువు మీద గుట్టలు, ఇళ్ళన్నీ నడిబొడ్డున. తేడా ఎక్కడ?

పటంపిచ్చి

ఒక పెద్ద నగరానికి సంబంధించిన పాత ట్వీట్ల జేసన్ ఫైళ్ళున్నాయి (ఒక్కో ట్వీట్ వివరాలు ఫీల్డులుగా రాసుండే ఫైళ్ళు), 2013 నుంచి 2018 దాకా. లొకేషన్ ఉన్న (జియోట్యాగ్) ట్వీట్లను వేరుచేసి, నగరాన్ని గడులుగా విభజించి, ఏ పేట నుంచి ఏ పేటకు ఎంతమంది వెళ్తున్నారో చెప్పే ఓడీ (మూలం–గమ్యం) మ్యాట్రిక్స్ తయారుచేయాలి. నాలుగు చోట్ల చిక్కుపడింది.

ఒకటి, 2015 నుంచి పాయింట్లు ఒక్కసారిగా పలచబడ్డాయి, మిగిలినవాటిలో వేలకొద్దీ ఒకే బిందువు మీద పడుతున్నాయి. రెండు, రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఎక్కువ పోస్టులు పడిన గడిని ఇల్లుగా తీసుకుంటే ఇళ్ళన్నీ నడిబొడ్డునే వస్తున్నాయి. రైల్వే స్టేషన్‌లో కూడా జనం కాపురముంటున్నారు! మూడు, ఒకే యూజర్ వరస పోస్టుల మధ్య దూరం కొన్నిసార్లు వేల కిలోమీటర్లు వస్తోంది. నాలుగు, పోల్చి చూడటానికి న్యూయార్క్ ఫోర్‌స్క్వేర్ చెకిన్ డేటా (యూజర్లు తామున్న చోటును యాప్‌లో చెప్పుకున్న రికార్డులు) దింపుకున్నాను, పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో తెరవబోతే ఎన్‌కోడింగ్ ఎర్రర్.

ఏ వరసలో శుభ్రం చేయాలి? చివరికి వచ్చే మ్యాట్రిక్స్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

---

అక్షాంశం

ముందు లొకేషన్ సంగతి చూద్దాం, మిగతావి చాలావరకు దాని వెనకే సర్దుకుంటాయి.

పాత జేసన్‌లో కోఆర్డినేట్స్ అనే ఫీల్డు వేరు, ప్లేస్ అనే ఫీల్డు వేరు. మొదటిది ఒక బిందువు. రెండోది ఒక చోటు పేరు, దాని చుట్టూ గీసిన బౌండింగ్ బాక్స్. ఆ చోటు ఒక కొట్టు కావచ్చు, పేట కావచ్చు, మొత్తం నగరమో దేశమో కూడా కావచ్చు. 2015లో ట్విట్టర్ ఫోన్ యాప్‌లో డిఫాల్ట్ మారింది. అప్పటినుంచి లొకేషన్ పెడితే చోటు పేరు మాత్రమే చేరేది, కచ్చితమైన బిందువు కావాలంటే యూజర్ విడిగా ఎంచుకోవాలి. మీ పాయింట్లు పలచబడింది అందుకే, జనం తిరగడం తగ్గి కాదు. 2015కు ముందూ తర్వాతా ఉన్న సంవత్సరాలను ఒకే గ్రాఫులో పెట్టి కదలికలు తగ్గాయని మాత్రం రాయకండి. 2019 జూన్‌లో కచ్చితమైన లొకేషన్ పెట్టే వీలునే చాలావరకు తీసేశారు కాబట్టి, మీ ఫైళ్ళు 2018తో ఆగడం ఒక రకంగా మేలే.

గుట్టల్లో రెండు రకాలున్నాయి. చాలా స్క్రిప్టులు కోఆర్డినేట్స్ ఖాళీగా ఉంటే బాక్సు మధ్య బిందువును తీసుకుంటాయి. ప్లేస్ నగరం స్థాయిదైతే వేలమంది పోయి అదే బిందువులో నిలబడతారు. పెద్ద బాక్సుల మధ్య బిందువు అసలు వాడొద్దు. ప్రతి బాక్సుకూ కర్ణం పొడవు లెక్కేసి, అది మీ గడి వెడల్పు కంటే ఎక్కువైతే ఆ ట్వీట్‌ను పక్కన పెట్టేయండి.

రెండో రకాన్ని పట్టుకోవడం కష్టం. ఇన్‌స్టాగ్రామ్ నుంచి ట్విట్టర్‌కు షేర్ చేసిన పోస్టులకు కోఆర్డినేట్స్ ఫీల్డు ఐదారు దశాంశాలతో నిండుగా ఉంటుంది. అక్షాంశంలో ఐదో దశాంశమంటే దాదాపు 1.1 మీటర్లు, కాబట్టి చూడగానే జీపీఎస్ అనిపిస్తుంది. నిజానికి అది ఫోన్ ఉన్న చోటు కాదు, యూజర్ లిస్టులోంచి ఎంచుకున్న చోటుకు డేటాబేస్‌లో రాసిపెట్టిన బిందువు. నగరం పేరే ఎంచుకుంటే నగరం మధ్య బిందువే వస్తుంది. వీటిని ఇలా పట్టుకోవచ్చు: బిందువులను ఐదు దశాంశాలకు కుదించి, ఒక్కో బిందువు దగ్గర ఎంతమంది వేర్వేరు యూజర్లున్నారో లెక్కపెట్టండి. పైనుంచి ఓ 200 బిందువులను సోర్స్ ఫీల్డుతో (పోస్ట్ ఏ యాప్ నుంచి వచ్చిందో చెప్పేది) కలిపి కంటితో చూడండి. ఈ రకం పోస్టుల్లో ‘@’ గుర్తు తర్వాత చోటు పేరు ఉంటుంది. అక్కడ ఉత్త నగరం పేరుంటే తీసేయండి, స్టేడియమో మ్యూజియమో అయితే ఉంచండి. స్టేడియం దగ్గర గుట్ట పడటం సహజమే, అక్కడ నిజంగానే జనం ఉన్నారు.

ఇక వేల కిలోమీటర్ల దూకుళ్ళు. కోఆర్డినేట్స్ ఫీల్డులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. దానికంటే పాతదైన జియో ఫీల్డులో వరస తిరగబడుతుంది. రెండింటినీ కలిపి చదివే స్క్రిప్టులో సగం పాయింట్లు వేరే ఖండంలోనో సముద్రంలోనో తేలతాయి. (0, 0) బిందువులను కూడా తీసేయండి. ఆ తర్వాత వేగం ఫిల్టర్. కదలికల విశ్లేషణకు వాడే పైథాన్ లైబ్రరీ సైకిట్-మొబిలిటీలో డిఫాల్ట్ గంటకు 500 కి.మీ. అది ఊళ్ళ మధ్య ప్రయాణాలకు సరిపోతుంది. నగరం లోపలైతే 150–200 చాలు. ఒక జాగ్రత్త: ఈ ఫిల్టర్లు ముందు పాయింటుతో పోల్చి తర్వాతి దాన్ని తీసేస్తాయి. మొదటి పాయింటే తప్పుదైతే దాని వెనక వచ్చిన మంచి పాయింట్లు పోతాయి. ఎవరి పాయింట్లు ఎక్కువ పోయాయో ఆ అకౌంట్లను విడిగా చూడండి.

ఒకే సెకనులో రెండు చోట్ల పోస్ట్ చేసే అకౌంట్ మనిషి కాదు. ఉద్యోగ ప్రకటనలు, వాతావరణం, ట్రాఫిక్ అకౌంట్లు జియోట్యాగ్ డేటాలో బాగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటికి లొకేషన్ పెట్టడమే పని. సోర్స్ ఫీల్డులోని యాప్ పేర్లను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, చేత్తో ఒక నిషేధ జాబితా రాసుకోవడం ఏ ఆటోమేటిక్ పద్ధతి కంటే బాగా పనిచేస్తుంది. దాన్ని తప్పించుకున్నవాటిని గంటలో నిమిషం చూసి పట్టొచ్చు. పోస్టులన్నీ ప్రతి గంటా అదే నిమిషానికి పడుతుంటే యంత్రమే.

టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. దానికి ఒకే స్థిర సంఖ్య కలపకండి. గడియారం ముందుకూ వెనక్కూ జరిపే నగరమైతే సగం ఏడాది గంట తేడా వస్తుంది. టైమ్‌జోన్ పేరుతో మార్చండి.

న్యూయార్క్ ఫైలును ఎన్‌కోడింగ్ లాటిన్-1 అని చెప్పి తెరవండి, కెఫే అనే వర్గం పేరులోని అక్షర గుర్తు దగ్గర యూటీఎఫ్-8 ఆగిపోతోంది. ట్యాబ్‌లతో విడదీసిన 8 కాలమ్‌లు, పైన హెడర్ లేదు. ఏడోది నిమిషాల్లో టైమ్‌జోన్ తేడా, ఎనిమిదోది యూటీసీ టైమ్. రెండూ కలిపితే స్థానిక సమయం.

---

సగటుమనిషి

అక్షాంశం గారు చెప్పినట్టు శుభ్రం చేశాక కూడా పెద్ద చిక్కు అలాగే ఉంటుంది: వరసగా వచ్చిన రెండు పోస్టులు ఒక ప్రయాణం కావు.

మీరు దింపుకున్న ఫోర్‌స్క్వేర్ డేటానే చూడండి. 2012 ఏప్రిల్ నుంచి 2013 ఫిబ్రవరి దాకా, దాదాపు పది నెలలు. 1,083 మంది, 2,27,428 చెకిన్‌లు. మనిషికి 210, అంటే రోజుకు ఒకటి కూడా లేదు. టోక్యో భాగంలో 2,293 మందికి 5,73,703, అదీ మనిషికి 250 మాత్రమే. చెకిన్ చేయడమే పనిగా పెట్టుకున్నవాళ్ళ సంగతి ఇది. రోజుకు మూడు నాలుగు చోట్లకు వెళ్ళే మనిషి అందులో ఒకటి చెప్పి ఊరుకుంటే, మీకు కనిపించే ‘అ నుంచి ఇ’ మధ్యలో ‘ఆ’ మాయమైపోతుంది. ట్వీట్లలో ఇంకా పలచన.

అందుకే ఓడీ లెక్కకు జతలను గట్టిగా వడపోయాలి. స్థానిక తేదీ ఒకటే అయ్యుండాలి, మధ్యలో విరామం 4 గంటలు దాటకూడదు, గడి మారాలి. ఒకే యూజర్, ఒకే రోజు, ఒకే జత అయితే ఒక్కసారే లెక్క. గడులకు హెచ్3 (భూమిని షడ్భుజి గడులుగా విభజించే పద్ధతి) అయితే 8వ స్థాయి తీసుకోండి, గడి దాదాపు 0.74 చ.కి.మీ. 9వ స్థాయి 0.1 చ.కి.మీ. మాత్రమే, ట్వీట్లకు అది మరీ చిన్నది, మ్యాట్రిక్స్ అంతా సున్నాలతో నిండిపోతుంది. 4 గంటలన్నది శాసనమేమీ కాదు. 2, 4, 8 గంటలతో మూడుసార్లు నడిపి, పెద్ద ప్రవాహాల వరస మారుతోందేమో చూడండి. మారితే మీరు కొలిచింది నగరాన్ని కాదు, మీరు పెట్టుకున్న గడువును.

డీబీస్కాన్‌తో (దగ్గరదగ్గర పాయింట్లను ఒక గుంపు చేసే పద్ధతి) చోట్లను గుంపులు చేయాలనుకుంటే, పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో హావర్‌సైన్ దూరానికి (గోళం మీది దూరం) రేడియన్లు ఇవ్వాలి, అక్షాంశం ముందు. పొరుగు పాయింటుకు గరిష్ఠ దూరమైన ఎప్సిలాన్ అంటే మీటర్లను 6371000తో (భూమి వ్యాసార్ధం) భాగించిన విలువ. 100 మీటర్లకు 0.0000157. డిగ్రీలు ఇచ్చేసినా ఎర్రర్ రాదు, చడీచప్పుడు లేకుండా తప్పు జవాబొస్తుంది. అందరి పాయింట్లనూ ఒకేసారి ఇస్తే నడిబొడ్డున పాయింటుకు పాయింటు గొలుసుకట్టి మొత్తం డౌన్‌టౌన్ ఒకే గుంపవుతుంది. ఒక్కో యూజర్‌కు విడిగా నడపండి, లేదా గడులతోనే సరిపెట్టుకోండి.

రేడియస్ ఆఫ్ జైరేషన్ (ఒక మనిషి తన సగటు చోటు నుంచి ఎంత దూరం పరుచుకుని తిరుగుతాడో చెప్పే కొలత) కూడా లెక్కేస్తారనుకుంటాను, అందరూ వేస్తారు. తక్కువ పాయింట్లతో అది తగ్గి వస్తుంది, ఎంత తగ్గుతుందో కూడా తెలుసు. ఒకరి అసలు తిరుగుడు నుంచి n పాయింట్లను స్వతంత్రంగా ఏరితే, జైరేషన్ వర్గం సగటున అసలు విలువలో (n−1)/n వంతే వస్తుంది. రెండు పాయింట్లుంటే సగం, పది ఉంటే పదో వంతు తక్కువ. ఇది సరిచేయడం తేలిక. అసలు సమస్య ఆ ‘స్వతంత్రంగా’ దగ్గర ఉంది. ఇంట్లో కూర్చుని లొకేషన్ పెట్టేవాళ్ళు తక్కువ, కచేరీకో విమానాశ్రయానికో వెళ్తే పదిసార్లు పెడతారు. దాంతో దూరపు చోట్ల బరువు పెరిగి జైరేషన్ ఉబ్బుతుంది. కనీసం యూజర్–గడి–గంటకు ఒక్క రికార్డే ఉంచండి, అలాంటివి 20 కంటే తక్కువున్నవాళ్ళను వదిలేయండి.

ఈ ఉబ్బు ఎంతో ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. జియోలైఫ్ డేటా ఉంది: 182 మంది, 17,621 జీపీఎస్ బాటలు, 2007–2012, ఎక్కువగా బీజింగ్‌లో. చాలావరకు 1–5 సెకన్లకోసారి రికార్డయింది. దాంట్లో 200 మీటర్లు, 20 నిమిషాలు అనే నియమంతో ఆగిన చోట్లు తీయండి. తర్వాత మీ ట్వీట్ల మధ్య ఉన్న నిజమైన విరామాలనే తీసుకుని ఆ బాటలను పలచన చేయండి. సమానంగా ఏరితే లాభం లేదు, గుంపుగా రావడం, తర్వాత రోజుల తరబడి మౌనం, అదంతా అలాగే ఉండాలి. పలచన చేసిన డేటా మీద మీ మొత్తం పైప్‌లైన్ (శుభ్రం చేయడం నుంచి ఓడీ దాకా అన్ని దశలూ) నడిపి, వచ్చిన ఓడీని పూర్తి బాటల ఓడీతో పోల్చండి. ఏ సంఖ్యలు నిలబడ్డాయో, ఏవి కూలాయో తేలిపోతుంది.

ఇంకొక్క మాట. 2008లో నేచర్‌లో వచ్చిన సెల్‌ఫోన్ అధ్యయనంలో 1,00,000 మంది దూకుళ్ళ పొడవులకు 1.75 ఘాతాంకం, 400 కి.మీ. దగ్గర తెగే పవర్ లా (దూరం పెరిగేకొద్దీ ఒక ఘాతాంకం ప్రకారం తగ్గే వరస) వచ్చింది. అది చూసి ప్రతి ఒక్కరూ తమ నగరానికీ ఒక ఘాతాంకం గీస్తున్నారు. 40 కి.మీ. పెట్టెలో 1 కి.మీ. గడులతో ఉన్నవాళ్ళకు చిన్న దూరానికీ పెద్ద దూరానికీ మధ్య వంద రెట్ల విస్తృతి కూడా లేదు. అందులో ఏ గీతైనా సరిపోతుంది. ఆ గ్రాఫు మానేయండి.

---

మూలబిందువు

పై రెండింటితో పేచీ లేదు. ఇల్లు కనుక్కోవడం, సరిచూసుకోవడం మిగిలాయి, అవి చెబుతాను.

రాత్రి 8 నుంచి అంటే అందులో భోజనానికి వెళ్ళినవాళ్ళు, ఆటలు చూడటానికి వెళ్ళినవాళ్ళు ఉంటారు. ఉదయం 8 దాకా అంటే స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డవాళ్ళు కూడా. మీ స్టేషన్ కాపురాలు అక్కడివే. సమయాన్ని రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా కుదించండి, మర్నాడు పని ఉన్న రాత్రులే తీసుకోండి. అంతకంటే ముఖ్యం, పోస్టులు లెక్కపెట్టొద్దు, వేర్వేరు రాత్రులు లెక్కపెట్టండి. ఒక్క కచేరీలో 30 పోస్టులు ఒక్క రాత్రే. కనీసం 5 రాత్రులు, అవి కనీసం 3 వారాల్లో పరుచుకుని, మొదటి గడికి రెండో గడి కంటే రెట్టింపు రాత్రులుంటేనే ఇల్లు అనండి. లేకపోతే ‘తెలియదు’. చాలామంది ఆ ఖాతాలోకే పోతారు. పోనివ్వండి. ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి స్టేషన్లు, స్టేడియాలు, విమానాశ్రయాల హద్దులు తీసుకుని, అక్కడ పడ్డ రాత్రి పాయింట్లను ఇంటి లెక్కలోంచి ముందే తప్పించండి.

నగరంలో మొదటి పోస్టుకూ చివరి పోస్టుకూ మధ్య నెల కూడా లేనివాళ్ళను సందర్శకుల కింద వేరే మ్యాట్రిక్స్‌లో పెట్టండి. ఎరిక్ ఫిషర్ 2010లో స్థానికులనూ పర్యాటకులనూ వేర్వేరు రంగుల్లో చూపిస్తూ గీసిన పటాలకు కూడా నెలే కొలత. ముతక నియమమే అయినా బాగానే పనిచేస్తుంది.

ఇళ్ళు తేలాక ప్రతి పేటకూ జనాభా వాటాను యూజర్ల వాటాతో భాగించి తూకం వేయండి. గరిష్ఠం 5 దగ్గర ఆపండి. లేకపోతే ఇద్దరే యూజర్లున్న పేటలో ఆ ఇద్దరూ పేట మొత్తానికి ప్రతినిధులైపోతారు. ఈ తూకం సరిచేసేది ఎక్కడ ఉంటారన్నదే. వయసు, ఆదాయం, అసలు ట్విట్టర్ వాడతారా లేదా అన్న తేడాలు అలాగే మిగిలిపోతాయి. వాటిని రాతలో ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

నమ్మకం ఎంత అన్నారు కదా. సర్వేలోనో జనాభా లెక్కల్లోనో పనికి వెళ్ళే రాకపోకల పట్టిక ఉంటే సీపీసీ (రెండు పట్టికలు ఎంత కలుస్తాయో చెప్పే స్కోరు) కొలవండి: ప్రతి జతకూ రెండు పట్టికల్లో చిన్న విలువ తీసుకుని, అన్నీ కూడి, రెట్టింపు చేసి, రెండు పట్టికల మొత్తంతో భాగించాలి. అంతకుముందు రెండు పట్టికల మొత్తాలనూ సమానం చేసుకోండి. 0 అంటే ఏమీ కలవలేదు, 1 అంటే ఒకటే. మూలమూ గమ్యమూ ఒకే గడి అయిన జతలను తీసేయండి, అవి ఉంటే స్కోరు ఊరికే పెరుగుతుంది.

సీపీసీ ఒక్కటే రాస్తే దానికి అర్థం లేదు. కింద ఒక గీత, పైన ఒక గీత కావాలి. కింది గీతకు, జనాభా, దూరం మాత్రమే వాడి ఒక గ్రావిటీ మోడల్ (జనాభా పెరిగితే రాకపోకలు పెరుగుతాయి, దూరం పెరిగితే తగ్గుతాయి అనే లెక్క) కట్టి దానికి సీపీసీ కొలవండి. మీ ట్వీట్ల మ్యాట్రిక్స్ దాన్ని దాటకపోతే ట్వీట్లు కొత్తగా చెప్పిందేమీ లేదు. పై గీతకు, యూజర్లను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, రెండు మ్యాట్రిక్సులు కట్టి, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చండి. సగం డేటా సగం డేటాతోనే 0.4 దగ్గర కలుస్తుంటే, సర్వేతో బాగా కలుస్తుందని ఆశించలేం. అప్పుడు గడి పెద్దది చేయాలి. బార్సిలోనా, మాడ్రిడ్‌లలో ట్విట్టర్‌ను సెల్‌ఫోన్ డేటాతో, జనాభా లెక్కలతో పోల్చిన 2014 అధ్యయనంలో మూడూ బాగానే కలిశాయి. కానీ అది గడుల్లో పోగేసిన స్థాయిలో చెప్పిన మాట. వీధి స్థాయికి దాన్ని సాక్ష్యంగా తెచ్చుకోకండి.

---

పటంపిచ్చి

చాలా సంతోషం అందరికీ. బౌండింగ్ బాక్స్ మధ్య బిందువు నా స్క్రిప్టులోనే ఉంది, జియో ఫీల్డు కూడా. ఇంకో రెండు ప్రశ్నలు. ఇళ్ళ పటాన్ని పాయింట్లుగా, ఒక్కోదాన్నీ 200 మీటర్లు అటూ ఇటూ జరిపి వేస్తే గోప్యతకు సరిపోతుందా? 2018 తర్వాతి కాలానికి ఫొటోల సైటు ఫ్లికర్ పనికొస్తుందా?

---

తాళంచెవి

జరపడం సరిపోదు. ఒకే ఇంటి పాయింటును ప్రతి పోస్టుకూ విడిగా జరిపితే, సగటు తీసేసరికి అసలు చోటు బయటపడుతుంది. 100 పోస్టులుంటే 200 మీటర్ల చెదురు దాదాపు 20 మీటర్లకు దిగుతుంది. మనిషికి ఒక్కసారే జరిపినా, పలచటి పేటలో 200 మీటర్ల లోపల రెండే ఇళ్ళుండొచ్చు. పాయింట్లు వేయనే వద్దు. గడి స్థాయిలో వేసి, 10 మంది కంటే తక్కువున్న గడులను ఖాళీగా వదలండి. ఓడీ జతలకూ అదే నియమం.

పేర్లు తీసేశాం కదా అనుకోవద్దు. 2013లో 15 లక్షల మంది సెల్‌ఫోన్ డేటాతో చేసిన అధ్యయనంలో, టవర్ స్థాయి చోటు, గంట స్థాయి సమయం ఉన్న నాలుగు పాయింట్లు చాలు, 95 శాతం మంది విడిగా తేలిపోయారు. ట్వీట్లకు అంతకంటే తేలిక, ట్వీట్ పాఠం (అందులో రాసిన మాటలు) వెతికితే అకౌంటే దొరుకుతుంది. అందుకే పాఠాన్ని విశ్లేషణ ఫైలులోకి తేవొద్దు. బాట్ (యంత్ర అకౌంట్ల) వడపోత, ‘@’ పరిశీలన ముందు దశలోనే ముగించి అక్కడే వదిలేయండి.

యూజర్ ఐడీకి ఉత్త హ్యాష్ (ఐడీని వెనక్కి చదవలేని సంకేతంగా మార్చే లెక్క) వేసినా పనికిరాదు. ఐడీలు అంకెలే కాబట్టి అందరి ఐడీలకూ అదే హ్యాష్ వేసి పోల్చుకోవచ్చు. రహస్య కీ కలిపి వేసే హ్యాష్ అయిన హెచ్‌మ్యాక్ వేయండి, కీని డేటాతో పాటు ఒకే చోట ఉంచకండి, పని ముగిశాక చెరిపేయండి. రాత్రి గడి, పగటి గడి జతను ఒక్కో మనిషికి విడిగా బయట పెట్టకండి. ఇల్లు, ఆఫీసు కలిస్తే అది దాదాపు చిరునామాయే.

---

అక్షాంశం

ఫ్లికర్ పనికొస్తుంది, కానీ మీ ప్రశ్నకు కాదు. అక్కడ పెట్టేది ఫొటోలు. జనం రోజూ వెళ్ళే ఆఫీసును ఫొటో తీయరు. సందర్శకులు ఏ చోటు నుంచి ఏ చోటుకు నడుస్తారు, పార్కులకు ఏ కాలంలో వెళ్తారు అన్నవాటికి అది మంచి డేటా. కొత్త వేదికల్లో వెతుకుదామంటే, ట్విట్టర్ లాంటి మాస్టడాన్‌లో లొకేషన్ ఫీల్డే లేదు, ఫొటోల్లోని మెటాడేటాను కూడా అది తీసేస్తుంది. ట్విట్టర్ ఏపీఐతో (ప్రోగ్రామ్ నుంచి డేటా అడిగే దారి) ఉచితంగా ట్వీట్లు పెద్ద ఎత్తున దింపుకునే వీలు 2023లో పోయింది.

ఫ్లికర్ వాడితే నాలుగు చోట్ల చూసుకోండి. అక్యురసీ ఫీల్డు 1 నుంచి 16 దాకా ఉంటుంది: 3 దేశం, 6 ప్రాంతం, 11 నగరం, 16 వీధి. 16 ఉన్నవే ఉంచండి. ఆల్బమ్ మొత్తాన్ని పటం మీద ఒకే చోటికి లాగి వదిలినవాళ్ళ ఫొటోలన్నీ ఒకే బిందువులో ఉంటాయి, వాటికీ 16 ఉండొచ్చు. ఒకే యూజర్‌కు గంటల తరబడి బిందువు ఒక్క దశాంశం కూడా మారకపోతే లాగినవే. తీసిన సమయం కెమెరా గడియారం చెప్పినది, టైమ్‌జోన్ ఉండదు, ప్రయాణికుల కెమెరాలు సొంత ఊరి సమయంలోనే ఉండిపోతాయి. ఆ సమయం ఎంత కచ్చితమో చెప్పే గ్రాన్యులారిటీ ఫీల్డు 0 (పూర్తి సమయం) ఉన్నవే తీసుకోండి, 4 అంటే నెల వరకే తెలుసు, 6 అంటే సంవత్సరం వరకే.

నాలుగోది, ఫ్లికర్ ఏపీఐ ఒక్కో ప్రశ్నకు మొదటి 4,000 ఫలితాలే ఇస్తుంది. ఆ తర్వాతి పేజీలు అడిగితే ఎర్రర్ రాదు, పాతవే మళ్ళీ వస్తాయి. మొత్తం ఎన్నో ముందే అడిగి, 4,000 దాటితే కాల వ్యవధిని సగం చేయండి, మళ్ళీ దాటితే మళ్ళీ సగం. ఫొటో ఐడీతో నకళ్ళు తీసేయండి. ఏపీఐ తలనొప్పి వద్దనుకుంటే వైఎఫ్‌సీసీ100ఎమ్ అనే సిద్ధంగా ఉన్న ఫ్లికర్ డేటా ఉంది, దాదాపు 10 కోట్ల ఫొటోలు, వీడియోలు, అందులో సుమారు 4.8 కోట్లకు లొకేషన్ ఉంది. కాకపోతే అది 2014లో ఆగిపోయింది. మీకు కావలసిన 2018 తర్వాతి కాలానికి ఏపీఐతో కుస్తీ తప్పదు.